మూడు మీటర్ల వృత్తం

సోమవారం

భూమి గది తెరిచాను. గాలి జల్లెడ కడిగి ఆరబెట్టాను. కళ్లద్దాలు తుడిచి వరసగా పెట్టాను. రెండు జతలు పనిచెయ్యడం లేదు. పిల్లలు వంతులు వేసుకున్నారు.

ఈ రోజువారీ నమోదు ఇదివరకు హైమవతి రాసేది. నా భార్య. గదిని తయారుచేసింది ఆమే. పోయి ఏడాది కావస్తోంది. గదితో పాటు నమోదు కూడా నాకు వచ్చింది. తన పద్ధతిలోనే రాస్తున్నాను: ఏం తెరిచాం, ఏం చెడిపోయింది, పిల్లలు ఏం అడిగారు.

ఈ రోజు పాఠం, పైనుంచి వదిలిన వస్తువు పడటం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు కలిసే కూర్చున్నాయి. కళ్లద్దాలు పెట్టుకుంటే తునిలో హైమ చదువుకున్న బడి కనిపిస్తుంది. నీలం సున్నం కొట్టిన స్తంభాలు, రెండో అంతస్తు వరండా, కింద సిమెంటు చప్టా. రెండు జడల అమ్మాయి పిట్టగోడ మీంచి చెయ్యి చాపి జామకాయ పట్టుకుని ఉంటుంది. చప్టా మీద సుద్దముక్కతో గీసిన వృత్తం ఉంటుంది. నడుమ నుంచి అంచుకి మూడు మీటర్లు. పిల్లలందరూ వృత్తం బయట నిలబడితే తప్ప ఆ అమ్మాయి కాయ వదలదు. పైనుంచి ఏది వదిలినా కింద మూడు మీటర్లు ఖాళీ ఉండాలి. హైమ పెట్టిన నియమం. అది నేర్చుకున్నాకే లెక్కలు.

మధ్యలో బడి వెనక రైలు పోతుంది. పోయేదాకా పాఠం ఆగుతుంది. పాఠానికి ఆ రైలు అవసరం లేదు. తునిలో అలాగే ఆగేవాళ్లట.

కాయ వృత్తం నడుమ పడింది. ఎన్ని సెకన్లకి పడుతుందో తనూజ ముందే చెప్పింది. పదో తరగతి పిల్ల. ఎప్పుడూ ముందే చెబుతుంది.

పిల్లలు అడిగింది: జామకాయ తినొచ్చా. ప్రతి ఏడూ అడుగుతారు.

మంగళవారం

గది తెరవలేదు. ఈ రోజు గణితం.

సాయంత్రం కూరగాయల సంచికి పాదుల బురుజు దగ్గరికి వెళ్లాను. మా కూరగాయలన్నీ ఆ బురుజు మీదే కాస్తాయి. అంతస్తు మీద అంతస్తుగా బీర, కాకర, ఆనప. సంచులిచ్చే పైడిరాజు నాకు నాలుగో అంతస్తు కాయలు వెయ్యడు. ఆకాశంలో తిరిగే మా చక్రంలో చనిపోయినవాళ్లని బురుజు మట్టిలోనే కలుపుతారు. హైమది నాలుగో అంతస్తు. నేను ఎప్పుడూ అడగలేదు. అతను ఎప్పుడూ చెప్పలేదు. సంచి ఇచ్చి తల ఊపుతాడు.

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకున్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో హైమ కాఫీ తిరగపోస్తే సగం గ్లాసు బయట పడేది. మేముండేది చక్రం లోపలి అంచు మీద. చక్రం తిరుగుతున్నంతసేపూ ఆ తిరుగుడే మమ్మల్ని నేలకి అదిమిపెడుతుంది. భూమ్మీద బరువులాగే ఉంటుంది గానీ అది కాదు. ఇక్కడ పై నుంచి వదిలింది ఏదీ సూటిగా కిందికి రాదు, కొంచెం పక్కకి పోతుంది. చక్రం తిరిగే దిక్కుని ముందు అంటాం. పడేవన్నీ వెనక వైపుకి పోతాయి. నడుమెత్తు నుంచి జారిన చెంచా నాలుగు వేళ్లంత వెనక పడుతుంది. ఇళ్లలో పైకప్పు చేతికందుతుంది కాబట్టి అంతకన్నా తేడా ఎవరికీ కనబడదు. చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది.

ఒకరోజు హైమ చేతిలో కాఫీ చుక్క ఒలకలేదు. నేను మెచ్చుకున్నాను. ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "నా చెయ్యి కూడా ఇక్కడిదైపోయింది" అంది. ఆ వారమే గది పని మొదలుపెట్టింది.

బుధవారం

బురుజు దగ్గర తనూజకి దెబ్బ తగిలింది.

పదో తరగతి పిల్లలు వారానికి రెండు పూటలు పని నేర్చుకోవడానికి వెళతారు. తనూజకి బురుజు పడింది. పైడిరాజు పన్నెండు మీటర్ల ఎత్తులో నీళ్ల గొట్టాల క్లాంపులు మారుస్తున్నాడు. పాతవి మోసుకుని నిచ్చెన దిగడం ఎవరికీ ఇష్టం ఉండదు, కిందికి వదిలేస్తారు. వదిలే ముందు పైనుంచి అడిగాడట, అందరూ తప్పుకున్నారా అని. తప్పుకున్నామని తనూజే బదులిచ్చింది. ఇనప క్లాంపు వచ్చి ఎడమ భుజం మీద పడింది. మెడ కింద ఎముక విరిగింది. ఇంకో జానెడు ఇటు వచ్చి ఉంటే తల మీద పడేది.

పైడిరాజు ఆసుపత్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వెనక వైపు నిలబడిందన్నాడు. బురుజులో వెనక వైపు ఎవరైనా నిలబడతారా మాస్టారూ అన్నాడు. అక్కడ నిలబడకూడదని ఆ పిల్లకి ఎవరైనా చెప్పారా అని అడిగాను. చెప్పలేదన్నాడు. అది చెప్పాల్సిన విషయమని వాళ్లలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

గది నమోదు: తెరవలేదు.

గురువారం

ఆసుపత్రికి వెళ్లాను. తనూజ కుడిచేత్తో లెక్క వేసుకుంటోంది. భుజానికి కట్టు ఉంది. తల్లి మంచం పక్కన నిద్రపోతోంది.

తాను ఎక్కడ నిలబడిందో చెప్పింది. సరిగ్గా మూడు మీటర్లు. అడుగులతో కొలుచుకుని, బురుజు వెనక, నీడ పట్టున. పన్నెండు మీటర్ల ఎత్తు నుంచి పడింది మూడు మీటర్లు వెనక్కి వస్తుంది. ఎవరో గురిచూసి అక్కడ నిలబెట్టినట్టుంది.

"నేను వృత్తం బయటే ఉన్నాను సార్" అంది.

అవునన్నాను.

తప్పు ఎక్కడ జరిగిందో రాత్రంతా వెతికిందట. గాలి గొట్టం తోసి ఉంటుందని ఒక లెక్క. పైడిరాజు చెయ్యి విసురుగా కదిలి ఉంటుందని ఇంకో లెక్క. రెండూ చాలలేదు. చక్రం తిరుగుడు లెక్కలోకి తీసుకున్నావా అని అడిగాను. నన్ను వింతగా చూసింది. అది అదనపు పాఠం కదా సార్, పరీక్షకి రాదు కదా అంది. ఆ పాఠం ఒప్పజెప్పమంటే తడుముకోకుండా ఒప్పజెప్పింది. సూత్రం కూడా రాసింది. అందులో అంకెలు వేసి చూడమన్నాను. వేసింది. మూడు వచ్చింది. పెన్సిలు పక్కన పెట్టేసింది.

పాఠం బుర్రకి ఎక్కింది. ఆ పిల్ల కాళ్లు మాత్రం తునిలో ఉన్నాయి. మూడేళ్లుగా మేం వాటిని అక్కడే నిలబెట్టాం.

శనివారం

తల్లిదండ్రుల సంఘం కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ దమయంతి గారు సంగతి సూటిగా చెప్పారు. గదిలో భూమి తీసేసి చక్రం పెట్టాలి. రెండూ ఉంచడం కుదరదు. గాలినీ నీళ్లనీ చూసుకునే యంత్రంలోంచి బడికి ఒక మూల ఇచ్చారు. ఆ మూలలో ఒక్క గదికే చోటు.

గొడవ మొదలైంది. తిరుగు పరీక్ష దగ్గర్లో ఉంది. భూమి నుంచి ఏటా రేడియోలో ప్రశ్నలు వస్తాయి. పిల్లలు రాస్తారు, మేం పంపుతాం. పాసైనవాళ్లని వరసలో ఉంచామని కబురు వస్తుంది. ఓడ వచ్చినప్పుడు ఆ వరసలో భూమికి పంపుతారు. ఓడ వచ్చి తొమ్మిదేళ్లయింది. పరీక్ష మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

చక్రం పుట్టిన రోజు నుంచి ఇక్కడొక ఆచారం ఉంది. ఎవరు చేసిన వస్తువైనా వాళ్లు పోతే వారసుల మాట లేకుండా మార్చకూడదు. కాబట్టి అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు విప్పేలోపు వెనక బల్ల మీంచి గౌరునాయుడు లేచాడు. తనూజ తండ్రి. నీళ్ల ప్లాంటులో పని.

"పిల్లదాని ఎముకే కదండీ ఇరిగింది. అతుక్కుంటాది" అన్నాడు. "గది పోతే మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తారు? ఆ మహాతల్లి లేదు కదా ఇప్పుడు."

దెబ్బ తగిలిన పిల్ల తండ్రే అలా అన్నాక ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎవరో మధ్యేమార్గం చెప్పారు: వృత్తం పెద్దది చేస్తే సరి. మూడుని ఐదు చెయ్యండి. దమయంతి గారు నుదురు పట్టుకున్నారు. మిగతా అందరూ చేతులెత్తారు.

నేనూ ఎత్తాను. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం

గది తెరిచి వృత్తాన్ని ఐదు మీటర్లు చేశాను. చప్టా దాటి మందార మొక్కల్లోకి పోయింది. ఒక మొక్క జరిపాను. రైలు వచ్చింది. పోయేదాకా ఆగాను.

రెండు జడల అమ్మాయి హైమే అని పిల్లలు అనుకుంటారు. కాదు. హైమ స్నేహితురాలు. ఆ పిల్ల కాయ వదులుతుంటే హైమ కింద నిలబడి లెక్కపెట్టేదట. కింద ఎక్కడైనా తనని పెట్టుకుందేమోనని మొదటి నెలల్లో వెతికాను. వరండాల్లో, తరగతుల్లో, గేటు దగ్గర. పెట్టుకోలేదు.

మూడో వారం, మంగళవారం

తనూజ బడికి వస్తోంది. చెయ్యి మెడకి కట్టి ఉంది. గది రెండుసార్లు తెరిచాను. యంత్రం బాగానే ఉంది. కళ్లద్దాల్లో ఒక జత బాగయింది.

రాయడానికి ఇంకేం లేదు. జావ కాచుకుని తాగాను.

మూడో వారం, గురువారం

సంచి కోసం కాదు, పిల్లల కోసం బురుజుకి వెళ్లాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి వాళ్లకి బురుజు చూపించే రోజు. దమయంతి గారు నన్ను తోడు పంపారు. నేను వెళ్లేసరికి తనూజ అక్కడే ఉంది. ఒంటిచేత్తో పని చెయ్యలేను కాబట్టి చిన్నవాళ్లని చూసుకుంటానని తానే అడిగిందట. కింద మట్టి మీద కర్రతో వృత్తం గీసింది. ఐదు మీటర్లు, గుండ్రంగా, ఎక్కడా వంకర లేకుండా. పిల్లల్ని దాని చుట్టూ చేతులు పట్టుకుని నిలబడమంది. ఒక్కొక్కరి కాళ్లు చూసి, గీత తొక్కినవాళ్లని వెనక్కి జరిపింది. పైన పైడిరాజు కొడవలి పిడి ఒకటి వదలడానికి పట్టుకుని ఉన్నాడు. బురుజంతా చూపించే రోజు కాబట్టి అన్నిటికన్నా పై అంతస్తుకి ఎక్కాడు. పాదులు అడ్డుండి వెనక వైపు అతనికి కనబడదు.

పై అంతస్తు నుంచి పడింది ఐదు మీటర్లు వెనక్కి వస్తుంది. వృత్తం పెద్దది చేసినప్పుడు ఆ లెక్క నేను వెయ్యలేదు. అక్కడ నిలబడి వేశాను.

వెనక వైపు నలుగురు పిల్లలు ఉన్నారు. వాళ్లని ముందు వైపుకి రమ్మన్నాను. పైడిరాజుకి చెయ్యి చూపించి ఆగమన్నాను. తనూజకి కోపం వచ్చింది. గీత బయటే ఉన్నారు కదా సార్ అంది. పిల్లలందరూ ముందుకి వచ్చాక వదలమన్నాను.

పిడి వెనక గీత మీద పడింది. ఒక చిన్న పిల్ల చెప్పు అక్కడే ఉండిపోయింది. దాని పక్కనే పడింది.

పిల్లలు నవ్వారు. తనూజ నవ్వలేదు. కట్టు మీద చెయ్యి పెట్టుకుని ఆ పిడి వైపే చూస్తూ నిలబడింది.

"గది తప్పు చెప్పిందా సార్?"

"లేదు. భూమి సంగతి సరిగ్గానే చెప్పింది."

"మరి మన సంగతి ఎవరు చెబుతారు?"

పైనుంచి పైడిరాజు ఇంకోటి వదలాలా అని అరిచాడు. వద్దన్నాను.

మూడో వారం, శుక్రవారం

గది మార్చడానికి ఒప్పుకుంటూ వారసుడి సంతకం పెట్టి దమయంతి గారికి ఇచ్చాను. సంఘానికి తాను నచ్చజెబుతానన్నారు. మార్చే పని ఎవరికైనా అప్పగించమంటారా అని అడిగారు. నేనే చేస్తానన్నాను.

సాయంత్రం గౌరునాయుడు ఇంటికొచ్చాడు. కూర్చోమంటే గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు. టీ ఇచ్చాను. నేను ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. కాసేపటికి అతనే మొదలుపెట్టాడు. తను తిరిగి వెళ్లడని ఎప్పుడో ఒప్పుకున్నాడట. భార్య కూడా. పిల్ల వెళ్తుందని అనుకోబట్టే పొద్దున్న లేచి ప్లాంటుకి పోగలుగుతున్నాడట. ఇదంతా గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఓడ వస్తాదా రాదా మాస్టారూ? మీరు సదువుకున్నోరు, సెప్పండి."

"తెలీదు."

"తెలీనప్పుడు గదెందుకు తీసేస్తారు?"

"పైడిరాజు రోజూ పైనుంచి ఏదో ఒకటి వదులుతాడు కాబట్టి."

భూమి పాఠం పలక మీద చెబుతానన్నాను. తనూజకి విడిగా కూడా చెబుతానన్నాను. పలక మీద సుద్దముక్క భూమి అవుతాదా అన్నాడు. అవదన్నాను.

"ఆయమ్మ ఉంటే తీసేదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకు నేను వేసుకోకుండా వారమంతా తప్పించుకున్నాను. తీసేది కాదేమో అన్నాను. లేక నాకన్నా ముందే తీసేసేదేమో. రెండూ ఆమె చెయ్యగలదు. పోయినవాళ్లని అడిగి పని చెయ్యలేం నాయుడూ అన్నాను.

టీ తాగకుండా వెళ్లిపోయాడు.

నాలుగో వారం, సోమవారం

గది మూసి పని మొదలుపెట్టాను. గుమ్మానికి చీటీ అంటించాను.

మొదట ఒక ఉపాయం తోచింది. బడిని ఉంచి, పడే తీరు మాత్రం మార్చితే చాలు. తుని తునిలాగే ఉంటుంది. కాయ మాత్రం చక్రంలో లాగా పడుతుంది. పిల్లలకి మన సంగతి తెలుస్తుంది, నాకు గది మిగులుతుంది. పొద్దున్న నుంచి కూర్చుని మార్చాను. కళ్లద్దాలు పెట్టుకుని కింద నిలబడ్డాను. రెండు జడల అమ్మాయి కాయ వదిలింది. అది వంగి వెళ్లి చప్టా అంచున పడింది.

తునిలో కాయ అలా పడదు. ఎప్పుడూ పడలేదు.

ఇంకోసారి వదలమన్నాను. మళ్లీ అలాగే పడింది. రైలు వచ్చింది, పట్టాల మీంచి పక్కకి జరిగి గోడలోకి వెళ్లిపోయింది. కళ్లద్దాలు తీసేశాను.

హైమ ఈ గదిలో ఒక్క అబద్ధం పెట్టలేదు. ఏ స్తంభానికి సున్నం ఎక్కడ రాలిందో కూడా గుర్తు తెచ్చుకుని పెట్టింది. అబద్ధంగా ఉంచడం కన్నా తీసెయ్యడం మంచిది. పడే తీరు మళ్లీ మొదటిలాగే చేశాను. అప్పుడు తీసెయ్యడం మొదలుపెట్టాను.

నాలుగో వారం, మంగళవారం

రైలు తీసేశాను.

నాలుగో వారం, బుధవారం

తరగతి గదులు, బల్లలు, గేటు, మందార మొక్కలు. మొక్కల దగ్గర కొంచెం ఆలస్యమైంది.

దమయంతి గారు క్యారేజీ పంపారు. వంకాయ పచ్చడి. తిన్నాను.

నాలుగో వారం, గురువారం

స్తంభాలు. వరండా తీస్తే ఆ అమ్మాయి గాల్లో నిలబడిపోయింది, కాయ పట్టుకుని, కింద ఎవరూ లేకపోయినా అందరూ తప్పుకునేదాకా ఆగుతూ. ఆమెని తీసేశాక వృత్తం మిగిలింది. దాన్ని చెరిపేశాను.

ఖాళీ గదిలో పాదుల బురుజు కొలతలు వేసి మూసేశాను.

ఆరో వారం, సోమవారం

గది తెరిచాను. పైడిరాజు రెండు పూటలు వచ్చి నిచ్చెన ఎక్కడ ఉండాలో, వెనక వైపు మట్టి ఎలా గుంటలు పడి ఉంటుందో చెప్పాడు. పాదులు ఇంకా సరిగ్గా రాలేదు. ఆకులన్నీ ఒకే ఆకులాగా ఉన్నాయి. నాకు హైమ చెయ్యి లేదు.

ఇందులో వృత్తం లేదు. పిల్లలు ఎక్కడైనా నిలబడొచ్చు. వెనక నిలబడితే పైనుంచి పడింది వాళ్ల మీదే పడి గది ఎర్రబడుతుంది. హైమ అయితే అలా చెయ్యనిచ్చేది కాదు. నేను చేశాను. రెండోసారికి ఎవరూ వెనక లేరు. మూడోసారి ఎత్తు మార్చాను, ఎంత దూరం తప్పుకోవాలో వాళ్లే లెక్కవేసుకున్నారు. తనూజ లెక్కలోకి దిగకుండా ముందు వైపు వెళ్లి నిలబడింది. ఆ తర్వాత లెక్క వేసింది.

గౌరునాయుడు నాతో మాట్లాడటం లేదు. పిల్లని మాత్రం సాయంత్రం భూమి పాఠానికి పంపుతున్నాడు. పరీక్షకి ఎనిమిది వారాలుంది.

ఆరో వారం, శుక్రవారం

యంత్రం వేడెక్కి మధ్యలో ఆగింది. చల్లబడేదాకా పలక మీద చెప్పాల్సి వచ్చింది. పరీక్ష కోసం భూమి పాఠమే మొదలుపెట్టాను. గోడ గీశాను, బంతి గీశాను, బంతి కింద నిలువుగా గీత గీశాను.

ఎనిమిదో తరగతిలో ముంతాజ్ అనే పిల్ల చెయ్యెత్తింది. బురుజు దగ్గర చెప్పు వదిలేసి వచ్చిన పిల్ల అదే. భూమ్మీద నిజంగా ఇంత నిటారుగా పడేదా అని అడిగింది. పడేదన్నాను. గదిలో కాకుండా మీరు కళ్లతో చూశారా అంది. చూశానన్నాను. ఏది పడటం చూశారు అంది.

చాలా చూశాను. ఒక్కటి చెప్పాలంటే తోచలేదు. వాన అన్నాను.

వాళ్లకి వాన తెలీదు. హైమ గదిలో ఎప్పుడూ మధ్యాహ్నమే. వాన పెట్టడానికి యంత్రంలో చోటు చాలలేదు. చెప్పాలి కాబట్టి చెప్పాను. పైన నీళ్లు ఉంటాయి. అవి చుక్కలుగా పడతాయి. గాలి లేని రోజు నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి, లెక్కపెట్టలేనన్ని. ఒక వీధిలో కాదు, ఊరంతా. పడేటప్పుడు చప్పుడు ఉంటుంది. రేకు మీద ఒక చప్పుడు, మట్టి మీద ఒకటి. ఇలా ఎంతసేపు చెప్పానో తెలీదు. యంత్రం చల్లబడి దీపం వెలిగింది. ఎవరూ దాని వైపు చూడలేదు, నేను కూడా చూడలేదు.

"ఎవరు వదిలేవాళ్లు సార్?" అంది ముంతాజ్.

"ఎవరూ కాదు. అదే పడేది."

తనూజ అప్పటిదాకా ఏదో రాసుకుంటోంది. తలెత్తింది.

"మరి అది పడేటప్పుడు మీరు ఎటువైపు నిలబడేవాళ్లు సార్?"

"ఎటువైపైనా" అన్నాను. "నేనూ మీ హైమవతి టీచరూ కిందే నిలబడేవాళ్లం."